కుర్చీ కిర్రుమన్న క్యాసెట్టు

బడే మియా రికార్డింగు గదిలో దగ్గకూడదు. తుమ్మకూడదు. గాజులు తీసి బయట పెట్టాలి. కిర్రుచెప్పులు గుమ్మంలోనే వదిలేయాలి. ఆకలికి కడుపు కూసే అలవాటున్నవాళ్ళు ముందే నాలుగిడ్లీలు తిని రావాలి. ఈ షరతులన్నీ ఆయనే ఎర్రరంగుతో అట్టముక్క మీద రాసి తలుపుకి వేలాడదీశాడు. అడుగున "ఇట్లు, యాజమాన్యం" అని కూడా పెట్టాడు. యాజమాన్యమంటే ఆయనొక్కడే. సిబ్బంది అంటే ఆయన కూతురు నజీమా ఒక్కతే. ఆమె భర్త హబీబ్ మైకుసెట్ల వ్యాను నడుపుతాడు గానీ, అతనికి ఏడాది పొడుగునా జలుబే కనక ఆ గదిలోకి ప్రవేశం లేదు.

భవానీపురంలో ముప్ఫై ఏళ్ళుగా నడుస్తున్న నూర్ సౌండ్స్ నుంచి బయటికెళ్ళిన ఏ క్యాసెట్టులోనూ ఒక్క దగ్గు వినపడలేదన్నది బడే మియా గర్వం. పెళ్ళి రికార్డు చేస్తే పురోహితుడు గొంతు సవరించుకున్నది ఉండదు. హరికథ రికార్డు చేస్తే చంటిపిల్లల ఏడుపు ఉండదు. ఒకసారి ఎవరిదో సన్మానసభ రికార్డు చేసి చప్పట్లు కూడా తీసిపారేశాడు. సన్మానం చేయించుకున్నాయన లబోదిబోమంటూ వస్తే, "గోల తీసేశా సార్, ఇప్పుడు క్లియరుగా ఉంది" అన్నాడు.

అది 2002, ఫిబ్రవరి. ఊళ్ళో సీడీలు వచ్చేశాయి గానీ పల్లెటూళ్ళలో ఇంకా క్యాసెట్టుదే రాజ్యం. ఒక సోమవారం పొద్దున శౌరయ్య మోపెడ్ మీద గోనెసంచి వేసుకొచ్చి అరుగు మీద దబ్బున పడేశాడు. ఉయ్యూరు, కంకిపాడు చుట్టుపక్కల పాతసామాన్లు కొనుక్కునే మనిషి అతను.

"ఏంటయ్యా ఇది?"

"క్యాసెట్లండీ మియాగారూ. అమెరికావి."

"అమెరికావి నీకెట్టా దొరికినయ్?"

"కాగితాల మిల్లుకి చిత్తుకాగితం అక్కణ్ణుంచే వస్తదంట గదండీ, ఓడల్లో. ఆ బేళ్ళు విప్పేకాడ మా బావమరిది పనిచేస్తాడు. కాగితాల మధ్యన ఇయ్యి పడ్డయ్యంట. పాటలు గాదులెండి, అరుపులు. మీరు చెరిపేసి వాడుకుంటారు గదాని తెచ్చా."

బడే మియా ఒక క్యాసెట్టు తీసి, పెన్సిలు దూర్చి నాలుగు చుట్లు తిప్పి, బయటికొచ్చిన టేపుని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. బాసుమతి బియ్యం కొనేటప్పుడు కూడా ఆయన అంత శ్రద్ధగా వాసన చూడడు.

"సరుకంటే ఇదీ! రామ్మూర్తి మాస్టారి ఆర్డరుకి టైముకి తెచ్చావు శౌరయ్యా. బేటీ, లెక్కపెట్టు."

నజీమా లెక్కపెట్టింది. నూటొకటి. అట్టలన్నీ చేత్తో గీసినవి. ఒకదానిమీద మూడు కాళ్ళ కుక్క, ఒకదానిమీద పన్ను, ఇంకోదానిమీద తలకిందులుగా పెట్టిన సైకిలు. కొన్నిటికి బొమ్మ కూడా లేదు, సిమెంటు సంచి ముక్క చుట్టి దారంతో కట్టారు. ఇంత పెద్ద దేశానికి ప్రెస్సులు లేవా ఏంటి అనుకుంది నజీమా.

*

రామ్మూర్తి మాస్టారు పటమటలో ఉంటారు. ముప్ఫై మూడేళ్ళు ఇంగ్లీషు లెక్చరరుగా చేసి, రిటైరైన మర్నాటి నుంచి తెలుగు పద్యాలు రాయడం మొదలెట్టారు. పుట్టింది ఉయ్యూరు పక్క చెరకు రైతుల ఇంట్లో కనక చెరకు మీద శతకం రాశారు. గడముక్కల్ని ముచ్చెలుగా నాటడం దగ్గర్నుంచి బెల్లం అచ్చు దాకా నూట ఎనిమిది పద్యాలు, ప్రతిదాని చివరా "చెరకు తల్లీ" అని పిలుపు. వచ్చే ఆదివారం ఉయ్యూరులో చెరకు రైతుల హాల్లో ఆవిష్కరణ సభ. అందరికీ పంచడానికి వంద క్యాసెట్లు కావాలి. పద్యాలన్నీ ఒక వైపే సరిపోతాయి. రెండో వైపు ఖాళీ.

"ఖాళీ అంటే ఉత్త ఖాళీ కాదు మాస్టారూ. నా ఖాళీలో చీమ నడిచినా వినపడదు. అంత శుభ్రంగా ఇస్తా" అని బడే మియా మాటిచ్చాడు.

ఆ శుభ్రానికి ఒక యంత్రం ఉంది. పాత ట్రాన్స్‌ఫార్మరు విప్పి, అందులోని తీగచుట్టతో ఆయనే చేసుకున్న అయస్కాంతం పెట్టె. స్విచ్చేస్తే గుయ్యిమంటుంది. దానిమీద క్యాసెట్టు పెట్టి "బిస్మిల్లా" అని మూడుసార్లు గుండ్రంగా తిప్పితే రెండు వైపులా ఉన్నదంతా తుడుచుకుపోతుంది. ఎంగిలి పళ్ళెం కడక్కుండా అన్నం వడ్డించనట్టే, పాత క్యాసెట్టుని ఆ పెట్టెమీద తిప్పకుండా కొత్తది రికార్డు చెయ్యడాయన.

మంగళవారం నజీమా ఆ పనిలో కూచుంది. ఒక్కో క్యాసెట్టు డెక్కులో పెట్టి రెండు వైపులా కాసేపు వినాలి. టేపు ముడత పడితే శబ్దం ఊగుతుంది, అట్లాంటిది పక్కన పడెయ్యాలి. బాగుంటే పెట్టెమీద తిప్పాలి. అంతే పని.

మొదటిది పెట్టగానే ఉలిక్కిపడి హెడ్‌ఫోన్సు తీసేసింది. ఎవడో కుర్రాడు గిటారుని చీపురుతో ఊడ్చినట్టు వాయిస్తూ, రైలు తప్పిపోతున్నవాడిలా అరుస్తున్నాడు. శౌరయ్య చెప్పింది నిజమే. బిస్మిల్లా, గుయ్యి. రెండోది కూడా అంతే, ఇద్దరు కలిసి అరుస్తున్నారు, మధ్యలో ఎవరో గిన్నె కింద పడేశారు. నజీమాకి నవ్వొచ్చింది. బిస్మిల్లా, గుయ్యి. అట్లా పదకొండు చెరిపింది.

పన్నెండోదానికి నీలం సిరాతో కుర్చీ బొమ్మ ఉంది. పెడితే కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత కుర్చీ కిర్రుమంది. ఎవరో పిల్ల, ఇరవై ఏళ్ళుంటాయేమో, ఊపిరి పీల్చుకుని మెల్లిగా పాట ఎత్తుకుంది. అరుపు లేదు. రెండు లైన్లు పాడి గొంతు తప్పింది. ఆగిపోయింది. తనలో తనే నవ్వుకుని ఏదో చెప్పి, మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకుంది. కుర్చీ మళ్ళీ కిర్రుమంది. పాట మధ్యలో ఆ పిల్లకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే పాడింది. ముక్కు ఎగబీల్చింది కూడా.

నజీమా చెయ్యి స్టాప్ బటను మీదకి దానంతటదే వెళ్ళింది. పుట్టినప్పట్నుంచీ ఆ షాపులో పెరిగిన చెయ్యి, తప్పు వినపడగానే వెళ్ళిపోతుంది. బటను మీద వేలు పెట్టి అట్లాగే కూచుండిపోయింది. ఆ పిల్లకి తప్పని తెలుసు. తెలిసీ ఉంచేసింది. ఎంత పొగరు, ఎంత ధైర్యం! నజీమాకి ఆ పిల్ల భలే నచ్చేసింది. కాసేపు వినాల్సిన క్యాసెట్టుని రెండుసార్లు మొత్తం వింది. రెండో వైపు తిప్పితే ఏమీ లేదు, ఖాళీ.

తర్వాత చెరిపేసి పక్కన పెట్టిన పదకొండింటి వైపు చూసింది. వాటిలో ఒకటి తీసి డెక్కులో పెట్టి చూసింది, ఏమీ లేదు.

"అబ్బా, ఇవన్నీ చెరపాలా?" అని తండ్రిని అడిగింది.

"చెరపకుండా పూజ చేస్తామా?" అన్నాడు బడే మియా, గోడలకి బొంతలు వేలాడగడుతూ. "ఒక్కదాంట్లో కూడా పాత గొంతు మిగలకూడదు. రేపు మాస్టారు వస్తున్నారు. గురువారం నుంచి కాపీలు."

*

బుధవారం మాస్టారు పట్టుపంచె కట్టుకుని, భార్య హైమవతి గారిని వెంటబెట్టుకుని వచ్చారు. ఆవిడ చేతిలో మిరియాల కషాయం ఫ్లాస్కు. గుమ్మంలోనే తనిఖీ జరిగింది. హైమవతి గారి గాజులు గూట్లోకి వెళ్ళాయి. మాస్టారి పొడుం డబ్బా కూడా బడే మియా లాక్కుని గూట్లో పెట్టేశాడు.

"మియాగారూ, పొడుం పీల్చందే నాకు పద్యం రాదండీ."

"పీలిస్తే తుమ్మొస్తుంది మాస్టారూ. తుమ్మొస్తే పద్యం పోతుంది."

ఫ్యాను ఆపారు, కిటికీలు మూశారు. చుట్టూ బొంతలు. మాస్టారు చెమటలు కక్కుతూ మొదలెట్టారు. మూడో పద్యంలో వీధిలో ఆటో హారను. "కట్." మళ్ళీ చదివారు. పక్కింట్లో కుక్కరు కూసింది. "కట్." బడే మియా వెళ్ళి పక్కింటివాళ్ళని సాయంత్రం దాకా పప్పు ఉడికించొద్దని బతిమాలి వచ్చాడు. ముప్ఫై ఒకటో పద్యంలో మాస్టారు మాట మర్చిపోయి ఆగితే, బొంతచాటున కూచున్న హైమవతి గారు ఠక్కున అందించారు. నాలుగేళ్ళుగా వంటింట్లోకి వినపడిన పద్యాలాయె, ఆవిడకి అన్నీ నోటికొచ్చు.

"కట్. అమ్మగారూ, మీ గొంతు పడింది."

"పడితే ఏమైందండీ, నేనేమన్నా పరాయిదాన్నా?"

"క్యాసెట్టు మాస్టారిదండీ."

ఆవిడ మూతి ముడుచుకుని ఫ్లాస్కు మూత బిగించారు. డెబ్భయ్యో పద్యం దాటేసరికి మాస్టారి పద్యంలో తప్పు లేదు, దగ్గు లేదు, మాస్టారు కూడా లేరు. రైల్వే స్టేషన్లో బండి రాకపోకలు చెప్పినట్టుంది. బడే మియా మాత్రం కళ్ళు మూసుకుని తల ఊపుతున్నాడు. "వజ్రం మాస్టారూ, వజ్రం" అన్నాడు.

ఆయన మధ్యాహ్నం జొహర్ నమాజుకి వెళ్ళిన సందులో నజీమా నీలం కుర్చీ బొమ్మ క్యాసెట్టు పట్టుకొచ్చింది.

"మాస్టారూ, మీరు ఇంగ్లీషు కదా. ఈ పిల్ల ఏమంటోందో కాస్త చెప్తారా?"

మాస్టారు దర్జాగా హెడ్‌ఫోన్సు పెట్టుకున్నారు. కాసేపు విన్నారు. మొహం మెల్లిగా మారింది. ముప్ఫై మూడేళ్ళు చెప్పిన ఇంగ్లీషులో ఒక్క ముక్క అందలేదాయనకి.

"ఇది... అక్కడి యాసమ్మా. గ్రామరు బొత్తిగా లేదు" అన్నారు. మళ్ళీ వెనక్కి తిప్పించి విన్నారు. "ఆఁ, ఇక్కడ చెప్పింది తెలిసింది. 'తప్పు పాడా, మళ్ళీ మొదలుపెడతా' అంటోంది. మరి ఆ తప్పు చెరపలేదేం?"

"అదేనండీ నాకూ అర్థం కానిది."

అట్ట వెనక సన్నటి అక్షరాలుంటే కళ్ళజోడు పైకెత్తి చదివారు. "ముప్ఫైలో పన్నెండు అని వేశారు. అంటే మొత్తం ముప్ఫై కాపీలే చేసుకుంది కాబోలు. నాది వంద!" అని ఒకసారి ఛాతీ విరుచుకున్నారు. "ఇక్కడ ఫోక్ పంక్ అని ఉంది. ఫోక్ అంటే జానపదం. పంక్ అంటే కొరగానివాడనే అర్థం చదివాను నేను. వెరసి కొరగానివాళ్ళ జానపదం. ఇదిగో, అడుగున ఇంకో వాక్యం: 'దీన్ని అమ్మవద్దు. నచ్చితే కాపీ చేసి ఇంకొకరికి ఇవ్వండి.'"

"కాపీ చేసి ఇమ్మందా?"

"అట్లాగే ఉంది."

హైమవతి గారు హెడ్‌ఫోన్సు లాక్కుని తన చెవులకి పెట్టుకున్నారు. కళ్ళు చికిలించి విన్నారు. "పాపం, ఈ పిల్లకి జలుబు చేసింది. మంచినీళ్ళిచ్చే దిక్కు కూడా లేనట్టుంది" అన్నారు. ఆవిడకి ఇంగ్లీషు రాదు.

నజీమా ఆ క్యాసెట్టుని తన హ్యాండుబ్యాగులో పడేసుకుని, ఒకటి ముడత పడిందని అబ్బాకి చెప్పింది. నూటొకటిలో ఒకటి పోతే సరిగ్గా వంద. పదకొండు చెరిగిపోయాయి. ఇంకా ఎనభై తొమ్మిది. పన్ను బొమ్మవాడు, మూడు కాళ్ళ కుక్కవాళ్ళు, సిమెంటు సంచివాడు. వీళ్ళందరూ రేపటికి తుడుచుకుపోతారు. వీళ్ళూ ముప్ఫై కాపీలవాళ్ళే అయితే? మిగతా ఇరవై తొమ్మిదీ కూడా ఏ చిత్తుకాగితాల బేళ్ళలోనో కలిసిపోయి ఉంటే? ఆ రాత్రి అన్నం సయించలేదామెకి. హబీబ్ అడిగితే పంటినొప్పి అంది.

*

గురువారం పొద్దున్నే బుద్ధి పుట్టింది. మాస్టారి పద్యాలు ఒక వైపే కదా! పెట్టెమీద తిప్పకుండా నేరుగా డెక్కులో వేస్తే మొదటి వైపు మాత్రం పద్యాలెక్కుతాయి. రెండో వైపు ఉన్నవాళ్ళు ఉన్నట్టే ఉంటారు. సగం మనిషైనా బతుకుతాడు. పైగా ఒక్కొక్కళ్ళూ ఒక్కో ఇంటికి చేరతారు. కాపీ చేసి ఇంకొకరికి ఇమ్మని ఆ పిల్లే చెప్పింది.

చిక్కల్లా అబ్బా చెవులు. పక్కగదిలో కూచున్నా పెట్టె గుయ్యిమన్న ప్రతిసారీ వేళ్ళమీద లెక్కపెడతాడు. అందుకని నజీమా పెట్టె స్విచ్చేసి, క్యాసెట్టుకి బదులు టిఫిను స్పూను తిప్పడం మొదలెట్టింది. మొదటిసారి స్పూను పెట్టెకి అతుక్కుని టకటకా కొట్టుకుంది.

"ఏంటా చప్పుడు?"

"గాజులు అబ్బా."

"తీసి గూట్లో పెట్టు!"

గాజులు తీసి గూట్లో పెట్టి, ప్లాస్టిక్ దువ్వెన తిప్పింది. అది నయం. బిస్మిల్లా అనడానికి మాత్రం నోరు రాలేదు. దొంగపనికి దేవుడి పేరేంటని ఊరుకుంది.

నాలుగు డెక్కులు, విడతకి నాలుగేసి కాపీలు. త్వరగా కాపీ చేసే బటను ఆ డెక్కులకి ఉన్నా బడే మియా దానిమీద ప్లాస్టరంటించాడు. పద్యం ఎంతసేపు చదివితే కాపీ కూడా అంతసేపే అవ్వాలంటాడు. అట్లా శనివారం సాయంత్రం దాకా సాగింది. ఆయన మధ్యమధ్య వచ్చి ఏదో ఒక క్యాసెట్టు తీసి విని, "వజ్రం" అని వెళ్ళేవాడు. మొదటి వైపే విన్నాడు. ఖాళీ వైపు ఎవరు వింటారు?

*

ఆదివారం ఉయ్యూరులో హాలు నిండింది. సగం మంది పద్యాలకొచ్చారు, సగం మంది భోజనాలకొచ్చారు. గాలిలో పంచదార ఫ్యాక్టరీ మడ్డి వాసన. హైమవతి గారు పట్టుబట్టి పిలిస్తే నజీమా కూడా వ్యానులో వచ్చి, స్టేజీ పక్కన మైకుసెట్టు దగ్గర అబ్బా వెనకాల కూచుంది. హ్యాండుబ్యాగు ఒళ్ళోనే ఉంది. అయస్కాంతం ఉన్న చోట ఆ క్యాసెట్టు వదిలి రావాలంటే ఆమెకి భయం.

ముఖ్య అతిథి రిబ్బను కత్తిరించి, క్యాసెట్లు ఊళ్ళోవాళ్ళకి పంచేశాడు. అందులోంచే ఒకటి తెచ్చి బడే మియాకిచ్చారు. హబీబ్ దాన్ని డెక్కులో పెట్టాడు.

నజీమా అప్పుడు చూసింది డెక్కుని.

"మన డెక్కేది?"

"దాని బెల్టు తెగింది. కొత్తది తెచ్చా" అన్నాడు హబీబ్ ముక్కు చీదుకుంటూ. "ఆటో రివర్సు. ఒక వైపు అయిపోతే మనం తిప్పక్కర్లా, అదే రెండో వైపుకి పోతుంది."

ఆ వంద క్యాసెట్లలో పదకొండు మాత్రమే ఖాళీవి. యా అల్లా, ఇది ఆ పదకొండులోది అయ్యేట్టు చూడు, అనుకుంది. వాటిని చెరిపినందుకు ఇన్నాళ్ళు ఏడ్చిన మనిషి ఇప్పుడు వాటికోసమే దండం పెట్టుకుంది. మధ్యలో ఆపుదామంటే అబ్బా కాపలా కూచున్నాడు, చెయ్యి ఎట్లా పెడుతుంది?

పద్యాలు మొదలయ్యాయి. వజ్రాల్లాంటి పద్యాలు. దగ్గు లేదు, తుమ్ము లేదు. ఇరవయ్యో పద్యానికి వెనక వరసలు తూగాయి. యాభయ్యో పద్యానికి ముఖ్య అతిథి గడ్డం ఛాతీకి ఆనింది. స్టేజీమీద మాస్టారు తన గొంతు తనే వింటూ, తన కవిత్వానికి తన ఊరు నిద్రపోవడం చూస్తూ, కుర్చీలో కొంచెం కొంచెంగా కుంగిపోతున్నారు. నజీమాకి ఆయన్ని చూస్తే జాలేసింది. ఊరందరూ తన పద్యం విని "మావాడు" అనాలని నాలుగేళ్ళు కష్టపడ్డ మనిషి.

నూట ఎనిమిదో పద్యం అయింది. టక్ మంది డెక్కు.

గిటారు భళ్ళున మోగింది. నాలుగు బాక్సుల్లోంచి ఒక కుర్రాడు ప్రాణం పోతున్నట్టు ఒక్క కేక పెట్టాడు. వెనకాల కుక్క మొరిగింది. ఎవరో పెట్టె మీద దరువేస్తున్నారు, ఎవరో పగలబడి నవ్వుతున్నారు, పదిమంది కలిసి ఎవరి శ్రుతిలో వాళ్ళు గొంతు కలిపారు. హాలంతా ఒక్కసారి లేచి కూచుంది. ముఖ్య అతిథి కళ్ళు నులుముకుని చప్పట్లు కొట్టేశాడు.

"ఇది కూడా మన రామ్మూర్తేనా?" అన్నాడు ముందు వరసలో ఒక ముసలి రైతు.

బడే మియా మొహంలో నెత్తురుచుక్క లేదు. స్టాప్ బటను మీదకి చెయ్యి చాపాడు.

"ఆపకండి!" అన్నారు మాస్టారు, లేచి నిలబడి. కుర్రాడు మధ్యలో పదం మర్చిపోయాడు, ఎవరో అందించారు, అందరూ నవ్వారు, పాట ఆగలేదు. మాస్టారు చెవి ఒగ్గి విన్నారు. చుట్టూ చూశారు. ఒక్కడు కూడా నిద్రపోవడం లేదు.

"హైమా, నా డబ్బా!"

హైమవతి గారు ముందు వరసలోంచి లేచి, బుధవారం నుంచీ తన దగ్గరే దాచిన పొడుం డబ్బా అందించారు. మాస్టారు ఇన్ని రోజుల బాకీ తీరేట్టు రెండు ముక్కుల్లోకీ దట్టించి, మైకు పట్టుకున్నారు. "ఇక ఆపండి మియాగారూ. నేను చదువుతా."

"పట్టండి, పట్టండి! రికార్డు చెయ్యండి!" అని హైమవతి గారు బడే మియా మీద కేకలేశారు.

బడే మియాకి ఎంత అవమానమైనా పనివాడు పనివాడే. చిన్న టేపురికార్డరు బల్లమీదకి లాగాడు. "ఖాళీ క్యాసెట్టు! బేటీ, ఖాళీ క్యాసెట్టివ్వు!"

ఖాళీ క్యాసెట్టు ఎక్కడుంది? వందా ఊరి చేతుల్లో ఉన్నాయి. నజీమా ఒళ్ళోని బ్యాగు గట్టిగా పట్టుకుంది. మాస్టారు ఊపిరి పీల్చుకుంటున్నారు. ఆ మొహంలో ఇంతకుముందు లేనిదేదో వచ్చింది. ఇంకో క్షణం ఆగితే ఇది కూడా ఎక్కడా ఉండదు. నజీమా బ్యాగు తెరిచింది. నీలం కుర్చీ క్యాసెట్టు తీసి, ఆ పిల్ల ఉన్న వైపు కాకుండా ఖాళీ వైపుకి తిప్పి, ఒకటికి రెండుసార్లు చూసుకుని, అబ్బా చేతిలో పెట్టింది.

మాస్టారు చదివారు. పద్యం కాదది, పొలంగట్టు మీద నిలబడి పిలిచినట్టు పిలిచారు. మూడో పద్యంలో మర్చిపోతే హైమవతి గారు కింద నుంచే అందించారు, ఆయన మర్చిపోయిందానికన్నా ఒక పాదం ఎక్కువే అందించారు. జనం నవ్వారు. "మళ్ళీ చదువు రామ్మూర్తీ!" అన్నారెవరో. వరసగా ఏడు తుమ్ములు తుమ్మి మళ్ళీ చదివారు మాస్టారు. తిరుగు ప్రయాణంలో వ్యానులో ఆ నీలం కుర్చీ క్యాసెట్టు బడే మియా జేబులోనే ఉంది.

*

సోమవారం నజీమా వీధి మొగలో ఉండగానే వినపడింది, గుయ్యిమని.

పరుగెత్తుకెళ్ళి తలుపు తోసింది. పెట్టె స్విచ్చేసి ఉంది. బడే మియా పక్కనే హెడ్‌ఫోన్సు పెట్టుకుని కూచున్నాడు.

"అబ్బా! అది చెరపొద్దు! తప్పంతా నాదే, నన్ను తిట్టండి, దాన్నేమీ చెయ్యొద్దు!"

ఆయన చెయ్యెత్తి ఉండమన్నాడు. నీలం కుర్చీ క్యాసెట్టు డెక్కులో తిరుగుతోంది, ఇంకా పెట్టెమీదకి రాలేదు. ఆయన కొంచెం వెనక్కి తిప్పి, హెడ్‌ఫోన్సు తీసి ఆమెకిచ్చాడు. మాస్టారి మొదటి తుమ్ము. దానిమీదే బొంగురు గొంతు ఒకటి: "హబీబ్! వైరు పట్టుకోరా గాడిదా!"

"ఎవరిదీ గొంతు?"

"మీదే."

"నాదేనా? నా గొంతు ఇట్టా ఉంటుందా?"

"ఇట్టానే ఉంటుంది అబ్బా."

బడే మియా మళ్ళీ వెనక్కి తిప్పి విన్నాడు. మళ్ళీ తిప్పాడు. ముప్ఫై ఏళ్ళలో ఆ షాపు నుంచి ఎన్ని వేల గొంతులు క్యాసెట్లకెక్కాయో, ఆయన గొంతు ఎక్కింది ఇదొక్కసారే. "మీ అమ్మ అనేది, తగరపుడబ్బాలో రాళ్ళేసినట్టుంటుందని. నమ్మలేదు నేను" అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు, ముక్కు కూడా ఎగబీల్చాడు, ఆ గదిలోనే.

ఇంతలో బయట శౌరయ్య మోపెడ్ ఆగింది.

"మియాగారూ, ఉయ్యూరులో పెద్ద గొడవగా ఉందండీ!"

"తెలుసులేవయ్యా" అన్నాడు బడే మియా నీరసంగా. "పరువు పోయింది. క్యాసెట్లన్నీ వెనక్కిచ్చేస్తారా?"

"అందరూ కాదండీ. ఓ పదకొండు మంది. వాళ్ళ దాంట్లో రెండో వైపు ఏమీ లేదంట. పక్కింటోడి దాంట్లో కుక్క ఉందీ, ఎదురింటోడి దాంట్లో ఆడపిల్లలున్నారూ, మాకు ఖాళీది అంటగడతారా, చెరకు మేమూ పండిస్తన్నాం గదా అని ఒకటే రగడ."

బడే మియా నోరు తెరిచి శౌరయ్యని చూశాడు. అయస్కాంతం పెట్టె పక్కన పడున్న ప్లాస్టిక్ దువ్వెనని చూశాడు. కూతుర్ని చూశాడు. నజీమా తల దించుకుంది. నవ్వు ఆపుకోవడం ఆమె వల్ల కాలేదు.

"మాస్టారి తుమ్ములు తీసేద్దామా అబ్బా?" అంది కాసేపటికి.

"పిచ్చా నీకు? తుమ్ము తీస్తే దానిమీదున్న నా గొంతు పోదూ?" అంటూ లేచి పెట్టె స్విచ్చాపేశాడు. గది నిశ్శబ్దమైంది. "పదకొండు కాపీలు చెయ్యి. రెండు వైపులా. మాస్టారికొకటి, నాకొకటి కలిపి పదమూడు."

క్యాసెట్టు తిప్పి, ఇంకో వైపు పెట్టి, ఆ పిల్ల పాట మొత్తం విన్నాడు. గొంతు తప్పిన చోట వేలు బటను దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. పాట అయ్యాక హెడ్‌ఫోన్సు తీశాడు.

"ఎవరీ పిల్ల?"

"తెలీదు అబ్బా."

"మంచి గొంతు" అన్నాడు బడే మియా. "ఎప్పుడన్నా కనపడితే, ఆ కుర్చీకి ఒక చుక్క కొబ్బరినూనె వేసుకోమని చెప్పు."